పద్నాలుగు పేజీల అగ్రిమెంట్ మెకానిక్‌ను ఆపుతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ. బోరు మోటార్ల అమ్మకం, రిపేరు షాపు. మెకానిక్‌లు, హెల్పర్లు, కౌంటర్‌లో ఉండే అమ్మాయి, అందరూ కలిపి తొమ్మిది మంది. పని నేర్పి మనిషిని చేసిన మెకానిక్ ఒకడు పోయిన యాసంగిలో, రోజుకో మోటారు కాలిపోయే టైంలో, చెప్పాపెట్టకుండా మానేసి కొండమల్లేపల్లిలో సొంత షాపు పెట్టాడు. మా పాత కస్టమర్లు చాలామంది అటే పోతున్నారు. మళ్లీ ఇలా జరగకూడదని నెట్‌లో దొరికిన ఇంగ్లిష్ నమూనా చూసి పద్నాలుగు పేజీల అగ్రిమెంట్ టైపు చేయించాను, కాపీ పంపుతున్నాను. మూడేళ్లు తప్పకుండా పనిచేయాలి, మధ్యలో పోతే రెండు లక్షలు కట్టాలి. మానేశాక రెండేళ్లపాటు యాభై కిలోమీటర్ల లోపల ఇదే పని చేయకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు నా దగ్గరే ఉంటాయి. నేను మాత్రం కారణం చెప్పకుండా ఎప్పుడైనా తీసేయవచ్చు. మోటారు పాడు చేస్తే జీతంలో కోత. పనిలో ప్రమాదం జరిగితే షాపుకు సంబంధం లేదు. ఇద్దరు హెల్పర్లకు ముప్పై వేల చొప్పున అడ్వాన్స్ ఇచ్చాను, అది తీరేదాకా మానకూడదని కూడా రాయించాను. వాళ్లలో ఒకడికి పదిహేడేళ్లు. దీన్ని వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద నోటరీ చేయిస్తే కోర్టులో నిలబడుతుందా? త్వరలో కల్వకుర్తిలో నలుగురితో ఇంకో బ్రాంచి తెరవాలని ఉంది.
ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: పని నేర్పినవాడు సీజన్ మధ్యలో వదిలేసి పోతే ఎంత మండుతుందో తెలుసు. అయినా సూటిగానే చెప్తాను. మీరు రాసిన షరతుల్లో ఒకటి మినహా మిగతావి నిలబడవు. ఆ ఒక్కటి కూడా మీరు రాసిన తీరులో నిలబడదు. నోటరీ చేసేది సంతకం ఫలానా మనిషిదే అని ధ్రువీకరించడం, అంతే. చట్టం వద్దన్న షరతును వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసినా, తెల్ల కాగితం మీద రాసినా ఒకటే.

ముందు ఆ నమూనా సంగతి. మీరు పంపిన కాపీ చివరి పేజీ చూడండి. ఈ ఒప్పందానికి డెలావేర్ రాష్ట్ర చట్టాలు వర్తిస్తాయని ఉంది. డెలావేర్ అమెరికాలో ఉంది. మీ టైపిస్టు షాపు పేరు మార్చాడు గానీ ఆ ముక్క తీయడం మర్చిపోయాడు. కారణం చెప్పకుండా ఎప్పుడైనా తీసేయవచ్చన్న షరతు కూడా అక్కడి నుంచి వచ్చిందే. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ యజమానికి ఆ వీలుంది, మోంటానా ఒక్కటే పెద్ద మినహాయింపు. మన దగ్గర కథ వేరు. మీది షాపు కాబట్టి తెలంగాణ షాపులు, సంస్థల చట్టం, 1988 వర్తిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన చట్టమే, రాష్ట్రం వచ్చాక మనం కొనసాగించుకున్నాం. అందరూ షాప్స్ యాక్ట్ అంటారు. మీరు కాగితం రాసుకున్నా రాసుకోకపోయినా, మీ తొమ్మిది మందికీ ఆ చట్టం ఇచ్చిన హక్కులు చేరిన రోజు నుంచే ఉన్నాయి. అగ్రిమెంట్‌తో వాటికి పైన ఏమైనా ఇవ్వవచ్చు, తగ్గించడం కుదరదు.

అన్నింటికన్నా నాకు భయం వేసింది ప్రమాదం షరతు చూసి. మీ కుర్రాళ్లు చేసేది కౌంటర్ పని కాదు. పొలం గట్టు మీద తడి నేలలో నిలబడి స్టార్టర్ డబ్బా తెరుస్తారు. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని లైను మీద చెయ్యి పెడతారు. పైపులతో సహా మోటారును బోరులోంచి లేపుతారు. బాధ్యత లేదని సంతకం పెట్టించుకున్నా ఆ సంతకానికి విలువ లేదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం 17వ సెక్షనే అలాంటి ఒప్పందం చెల్లదని చెప్పింది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ యజమాని బాధ్యత అలాగే ఉంది.

డబ్బుల్లో చెప్తే ఇంకా బాగా అర్థమవుతుంది. పనిలో ఉండగా ఉద్యోగి చనిపోతే, నెల జీతంలో సగాన్ని అతని వయసుకు చట్టం పట్టికలో ఉన్న అంకెతో హెచ్చిస్తారు. ఇరవై అయిదేళ్ల వయసుకు ఆ అంకె 216.91. జీతం 15,000గా తీసుకుంటే పరిహారం 16,26,825 రూపాయలు. కుర్రాడు బతికి, చెయ్యి పోయినా వైకల్యాన్ని బట్టి లెక్క ఉంటుంది. మీ దగ్గర పది మంది లేరు కాబట్టి ఇప్పటికి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, రాదు. అంటే ఈ మొత్తం మీ జేబులోంచే పోవాలి. అగ్రిమెంట్ టైపింగుకు పెట్టిన ఖర్చు ఎలాగూ అయిపోయింది. ఈ వారంలోనే ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్లి, ఫీల్డుకు పోయే వాళ్లందరి పేర్లతో ఉద్యోగుల పరిహార పాలసీ తీసుకోండి. రబ్బరు గ్లౌజులు, టెస్టర్, ఫ్యూజు పీకకుండా ప్యానెల్ ముట్టొద్దన్న నియమం, ఇవి కూడా కాగితంలో రాయండి. ఆ వాక్యం మీకూ పనికొస్తుంది, వాళ్ల ప్రాణానికీ పనికొస్తుంది. పదిహేడేళ్ల కుర్రాణ్ని పద్దెనిమిది నిండేదాకా ఫీల్డుకు పంపనే వద్దు. పద్దెనిమిది లోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టడాన్ని బాల, కౌమార కార్మిక చట్టం నిషేధిస్తుంది. పైగా కాంట్రాక్ట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరు ఒప్పందం చేసుకోలేడు. అతను పెట్టిన సంతకంతో అతని మీద ఏ బాండూ నడవదు.

ఇక రెండు లక్షల బాండ్. ఒకటి మినహా అన్నానే, అది ఇదే. సుప్రీంకోర్టు బాండ్లు చెల్లుతాయని చెప్పిందట కదా అని మీరు అడగవచ్చు. చెప్పింది, 2025 మే నెలలో, విజయా బ్యాంకు కేసులో. మూడేళ్లు నిండకుండా మానేసిన ఒక ఆఫీసరు రెండు లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. కానీ అక్కడ ఉన్నది ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు. దేశమంతా ప్రకటన ఇచ్చి, పరీక్ష పెట్టి మనిషిని తీసుకుంది. అతను పోతే మళ్లీ అంతా మొదటి నుంచి చేయాలి. పదహారు వేల జీతగాడి మీద రెండు లక్షలు రాస్తే కోర్టు అడిగే మొదటి మాట, మీకు నిజంగా అయిన నష్టం ఎంత అని. కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో ఎంత రాసుకున్నా కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారం. రాసిన మొత్తం దానికి పై హద్దు మాత్రమే. షాపులో మీ పక్కన నిలబడి నేర్చుకున్నదానికి లెక్క కట్టలేం, అది పనిలో భాగం.

అదే మీరు ఒక మెకానిక్‌ను కోయంబత్తూరులో మోటారు కంపెనీ ట్రైనింగుకు మీ ఖర్చుతో పంపారనుకోండి. రైలు టికెట్లు, బస, ఫీజు రసీదులు ఉంటాయి. అప్పుడు ఇలా రాయవచ్చు: “ట్రైనింగుకు షాపు ఖర్చు పెట్టిన 24,000 రూపాయలు, రసీదులు చూశాను. తిరిగి వచ్చిన రోజు నుంచి పన్నెండు నెలల లోపు నా అంతట నేను మానేస్తే, మిగిలిన ఒక్కో నెలకు 2,000 చొప్పున షాపుకు తిరిగి ఇస్తాను. షాపే నన్ను తీసేస్తే ఏమీ ఇవ్వనక్కరలేదు.” ఇలాంటిది నిలబడే అవకాశం బాగా ఉంది. పైగా కుర్రాడు చదివి, సరే న్యాయంగానే ఉందనుకుని సంతకం పెడతాడు. నన్నడిగితే ఆ రెండోదే ముఖ్యం.

యాభై కిలోమీటర్ల షరతు మాత్రం కొట్టేయండి. కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్, 1872 నాటిది, మనిషి బతుకుతెరువును అడ్డుకునే ఒప్పందం చెల్లదని ఒక్క వాక్యంలో తేల్చింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం పోటీ షాపుకు పని చేయొద్దనవచ్చు, ఆదివారాలు సొంతంగా మోటార్లు బాగు చేయొద్దనవచ్చు. దానికి 1967లోనే సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మానేసిన తర్వాత కాలానికి మాత్రం ఆ అడ్డు పనికిరాదు. దేవరకొండ చుట్టూ యాభై కిలోమీటర్లంటే వాడు వేరే చోటికి వలస పోవాలన్నమాట. మన ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో వలసలకు కొత్తగా షరతులు రాయాల్సిన పనిలేదు.

కస్టమర్ల సంగతి వేరు. మీ రిజిస్టరు, రైతుల ఫోను నంబర్లు, ఏ బోరులో ఎన్ని అడుగులకు ఏ మోటారు దించారన్న వివరాలు మీ షాపు సొత్తు. వాటిని ఫొటోలు తీసుకోకూడదు, బయటికి ఇవ్వకూడదు, మానేసేటప్పుడు షాపు సిమ్ము, ఫోను అప్పగించాలి అని రాయండి. అది చెల్లుతుంది. రైతు తనంతట తాను ఫోన్ చేసి పిలిస్తే మాత్రం ఎవరూ ఆపలేరు.

సర్టిఫికెట్లు తిరిగి ఇచ్చేయండి. ఇక్కడ స్కూళ్లు, కాలేజీలు కూడా టీచర్ల ఒరిజినల్స్ తమ దగ్గర పెట్టుకోవడం చూసి ఇది మామూలే అనుకుంటున్నారు. ఆ మెమో మీ బీరువాలో ఉన్నంత మాత్రాన మీకు ఏ హక్కూ రాదు. అతను పోలీస్ స్టేషన్‌కో లేబర్ ఆఫీసుకో వెళ్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరు. ఒరిజినల్ చూసి, జిరాక్స్ మీద సంతకం తీసుకుంటే చాలు.

అడ్వాన్స్ షరతు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఉగాదికి జీతం మాట్లాడుకుని, ముందే కొంత డబ్బు ఇచ్చి ఏడాది మనిషిని పెట్టుకోవడం మన పల్లెల్లో పాత అలవాటు. మీరు చెడు ఆలోచనతో రాయించి ఉండరు. కానీ అప్పు తీరేదాకా మానకూడదు, ఇంకెక్కడా చేయకూడదు అనే మాటను 1976 నాటి వెట్టి కార్మిక వ్యవస్థ నిర్మూలన చట్టం పేరు పెట్టి పట్టుకుంటుంది. మూడేళ్ల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా ఉన్న నేరం అది. వెట్టి మీద జనం తిరగబడిన జిల్లాలో ఉండి ఆ కాగితం మీద సంతకం చేయించుకోవద్దు. అడ్వాన్స్ ఇవ్వడం తప్పు కాదు. ఎంత ఇచ్చారు, నెలకు ఎంత పట్టుకుంటారు అని విడిగా ఒక రసీదు రాసుకోండి. మానేస్తే మిగిలింది మామూలు అప్పు, మామూలు అప్పులాగే వసూలు చేసుకోవాలి.

తీసేయడం విషయానికొస్తే, షాప్స్ యాక్ట్ 47వ సెక్షన్ మీరు చదవాల్సిన మొట్టమొదటి సెక్షన్. ఆరు నెలలు వరసగా పనిచేసిన వాణ్ని సరైన కారణం లేకుండా తీయాలంటే నెల రోజుల ముందు రాతపూర్వక నోటీసు లేదా నెల జీతం ఇవ్వాలి. ఏడాది దాటితే దానికి తోడు పనిచేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం చొప్పున పరిహారం. తప్పు చేశాడని తీసేస్తే ఆరోపణ రాసిచ్చి, అతని జవాబు విని, అప్పుడు నిర్ణయం తీసుకోవాలి. మీ కాపీలో రెండేళ్ల ప్రొబేషన్ అని ఉంది. ఆ పేరు పెట్టినంత మాత్రాన ఆరు నెలల లెక్క ఆగదు, చేరిన తేదీ నుంచే మొదలవుతుంది. ఇంకొకటి, ఉద్యోగి మూడు నెలల నోటీసు ఇవ్వాలట, మీరు ఒక్కరోజు కూడా ఇవ్వరట. ఇద్దరికీ నెల అని పెట్టండి. సీజన్ మధ్యలో చెప్పాపెట్టకుండా పోవడమే కదా మీ అసలు సమస్య, నెల గడువు ఉంటే ఇంకొకణ్ని చూసుకోగలరు.

కోతలకూ హద్దులున్నాయి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. షాప్స్ యాక్ట్ రాష్ట్ర చట్టం కాబట్టి వాటితో రద్దు కాలేదు, రెండూ చూసుకోవాలి. వేతనాల కోడ్ ప్రకారం జరిమానాలు ఆ నెల జీతంలో మూడు శాతం దాటకూడదు. అన్ని కోతలూ కలిపి సగం దాటకూడదు. వస్తువు పాడైతే ముందు అతని మాట విని, అతని నిర్లక్ష్యమే కారణమని తేలాకే నష్టం పట్టుకోవాలి. వోల్టేజీ పడిపోయి వైండింగ్ కాలితే ఆ డబ్బు మెకానిక్ జీతంలో కోయడం అన్యాయం, చెల్లదు కూడా. నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీ లోపు ఇవ్వాలి. మానేసినా తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో చేతిలో పెట్టాలి. సెటిల్‌మెంట్ కోసం మూడు నెలలు తిప్పించే రోజులు పోయాయి.

చిత్రం ఏమిటంటే, ఇన్ని షరతులున్న పద్నాలుగు పేజీల్లో పని వేళలు ఎక్కడా లేవు. వారం సెలవు లేదు. గొడవలు వచ్చేది అక్కడే. షాపులో రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది. అయిదు గంటలకు మించి ఏకధాటిగా చేయించకుండా మధ్యలో గంట విశ్రాంతి. అదనపు గంటలకు రెట్టింపు జీతం. ఇప్పుడు పది గంటలు చేయించుకోవచ్చట అని మీ ఊళ్లోనూ మాట వినిపిస్తుండాలి. 2025 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో 282 సంగతి అది. వాణిజ్య సంస్థలకు వర్తిస్తుంది, షాపులను అందులోంచి స్పష్టంగా తీసేశారు. ఆ వాణిజ్య సంస్థలకు కూడా వారానికి నలభై ఎనిమిది గంటల హద్దు అలాగే ఉంది. యాసంగిలో పొద్దున ఆరింటికి పిలుపొస్తే పోవాల్సిందే, నిజమే. అలాంటి రోజుల్లో గంటలు రిజిస్టరులో ఎక్కించి ఓటీ కట్టండి, లేదా ఇద్దరిని షిఫ్టుల్లా పెట్టుకోండి.

సెలవులు కూడా రాయండి. వారానికి ఒక రోజు, జీతం కోయకుండా. 240 రోజులు పనిచేసిన వాళ్లకు ఏడాదికి పదిహేను రోజుల జీతంతో సెలవు, ఇంకా పన్నెండు రోజులు క్యాజువల్, పన్నెండు రోజులు సిక్. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2, పండుగ సెలవులు వేరు. దసరా, సంక్రాంతి అందరికీ కావాలి. పెద్దగట్టు జాతర ఉన్న ఏడాది ఎవరెవరికి ఎప్పుడో ముందే మాట్లాడుకుంటే మంచిది.

జీతం అంకె వేసేటప్పుడు షాపులకు రాష్ట్రం నోటిఫై చేసిన కనీస వేతనం చూడండి. దాని మీద డీఏ (కరువు భత్యం) ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. అంతకన్నా తక్కువకు ఒప్పుకున్నానని ఎంత ఇష్టపడి సంతకం పెట్టినా చెల్లదు. బేసిక్ తక్కువ చూపించి అలవెన్సులు పెంచే పాత లెక్క కూడా ఇప్పుడు సాగదు. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటినంత వేతనంలోనే కలిపి లెక్క కడతారు.

కాబట్టి ఆ పద్నాలుగు పేజీలు పక్కన పెట్టి, తెలుగులో రెండు పేజీల అపాయింట్‌మెంట్ లెటర్ రాయండి. పేరు, వయసు, చేరిన తేదీ, పని ఏమిటి, ఎక్కడ, జీతం విడివిడిగా, వేళలు, సెలవులు, నోటీసు, ట్రైనింగ్ ఖర్చు ఉంటే ఆ వాక్యం, రిజిస్టరు వివరాల రహస్యం, భద్రత నియమాలు. దీనికి స్టాంప్ పేపర్ అక్కర్లేదు, షాపు లెటర్‌హెడ్ చాలు. రెండు కాపీలు, ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకం, ఒక కాపీ అతనికి. ఇంగ్లిష్ చదవలేని వాడి చేత ఇంగ్లిష్ కాగితం మీద సంతకం పెట్టించుకుంటే, రేపు నాకు అర్థం కాలేదని అతను చెప్పినప్పుడు ఆఫీసరు నమ్మేది అతన్నే.

కల్వకుర్తి బ్రాంచి తెరిస్తే మీ సంఖ్య పదమూడు అవుతుంది. రెండు చోట్లా కలిపే లెక్క. పది మందికి చేరగానే ఈఎస్ఐలో నమోదు కావాలి. 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు మీరు 3.25 శాతం, వాళ్లు 0.75 శాతం కడతారు. గ్రాట్యుటీ వర్తిస్తుంది. వృత్తి భద్రత కోడ్ కింద ప్రతి ఒక్కరికీ అపాయింట్‌మెంట్ లెటర్ తప్పనిసరి అవుతుంది. కౌంటర్‌లో అమ్మాయి ఉన్నారు కాబట్టి లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీ వేయాలి. పది లోపు ఉన్నంతకాలం ఆ ఫిర్యాదులు జిల్లా స్థాయి కమిటీకి వెళ్తాయి, ఆ మాటా ఆమెకు చెప్పండి. పీఎఫ్ ఇరవై మందికి. కొత్త షాపుకు షాప్స్ యాక్ట్ కింద విడిగా రిజిస్ట్రేషన్ చేయించాలి. అది వేరే జిల్లా కనుక అక్కడి అసిస్టెంట్ లేబర్ ఆఫీసరును ఒకసారి కలిసి రండి. ఆ ఆఫీసు అంటే టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ గానీ, నోటీసు వచ్చాక వెళ్లడం కన్నా ముందు వెళ్లడం నయం.

కొండమల్లేపల్లి కుర్రాడి మీద కేసు ఏమైనా వేయవచ్చా అన్నది మీరు అడగలేదు గానీ ఆ ఆలోచన ఉండే ఉంటుంది. కాగితం లేదు, ట్రైనింగ్ రసీదు లేదు. అతను మీ రిజిస్టరు ఎత్తుకుపోయాడని రుజువు ఉంటే తప్ప లాయరు ఫీజు దండగ. చివరి నెల జీతం ఆపి ఉంటే లెక్క చూసి ఇచ్చేయండి. సర్టిఫికెట్ మీ దగ్గర మిగిలి ఉంటే అదీ ఇచ్చి, రెండింటికీ తేదీ వేసి అతని సంతకంతో రసీదు తీసుకోండి.